బౌమన్‌ల జాడ చర్చి పుస్తకాల్లో ఎందుకు దొరకదు, మరి ఎక్కడ దొరుకుతుంది?

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. మీ కోడలు వర్జీనియా రాష్ట్రం రాకింగ్‌హామ్ కౌంటీలో పుట్టి పెరిగింది. ఆమె నాన్నమ్మ పుట్టింటివాళ్లు బౌమన్‌లు. "మాది జర్మన్ బ్రదరెన్ చర్చి, అంతకుముందు మెన్నొనైట్లం" అని ఇంట్లో చెప్పుకుంటారు. మనవరాలి కోసం ఆ వైపు వంశవృక్షం గీద్దామని కూర్చుంటే 1800కి వెనక ఒక్క చర్చి రిజిస్టరూ దొరకడం లేదు. ఇంటర్నెట్‌లో ఎవరో పెట్టిన వృక్షం మాత్రం 1750ల నాటి ఒక లూథరన్ బాప్తిస్మం నమోదునీ, ఒక ఓడ జాబితానీ ఆధారాలుగా చూపిస్తోంది. దాన్ని నమ్మవచ్చా, లేకపోతే ఇంకెక్కడ వెతకాలి అన్నది మీ ప్రశ్న. చివర్లో ఇంకోటి అడిగారు: మన మహబూబ్‌నగర్ వైపు ఉన్న మెన్నొనైట్ బ్రదరెన్ చర్చీ, ఇదీ ఒకటేనా అని.

పెన్సిల్వేనియా, వర్జీనియా జర్మన్ కుటుంబాల కాగితాలు చాలాకాలంగా చూస్తున్నదాన్ని. తెలిసినంతలో వివరంగా రాస్తాను.

ముందు ఆ లూథరన్ నమోదు సంగతి. దాన్ని ఇప్పటికి పక్కన పెట్టండి. మెన్నొనైట్లూ బ్రదరెన్ వాళ్లూ పసిబిడ్డలకు బాప్తిస్మం ఇవ్వరు. ఎదిగి, తన నోటితో విశ్వాసం ఒప్పుకున్నవాళ్లకే ఇస్తారు. ఆ ఒక్క నమ్మకం కోసం వాళ్ల పూర్వికులు స్విట్జర్లాండ్‌లో ప్రాణాలు వదిలారు, ఊళ్లు వదిలారు. అలాంటి కుటుంబం పెన్సిల్వేనియా వచ్చాక, అడిగేవాళ్లూ అదిలించేవాళ్లూ ఎవరూ లేనిచోట, బిడ్డను లూథరన్ పాస్టరు దగ్గరికి తీసుకెళ్లి ఉంటుందా? కాబట్టి రెండింట్లో ఒకటి అయి ఉండాలి. ఆ నమోదులోని జాన్ బౌమన్ వేరే కుటుంబంవాడైనా కావాలి, లేదా కుటుంబం అప్పటికి లూథరన్‌గా ఉండి తర్వాత బ్రదరెన్‌లో చేరైనా ఉండాలి. రెండోది అసాధ్యమేమీ కాదు, బ్రదరెన్ సంఘాల్లోకి లూథరన్, రిఫార్మ్‌డ్ (లూథరన్ లాంటిదే ఇంకో ప్రొటెస్టెంట్ శాఖ) కుటుంబాలు చాలానే వచ్చాయి. అయితే అలా మారారనడానికి విడిగా రుజువు కావాలి. పేరు కలిసిందని అతికిస్తే కుదరదు.

ఈ వెతుకులాట మొత్తానికి తాళంచెవి కూడా ఇక్కడే ఉంది. ఈ సంఘాలవాళ్లు తమ గురించి తాము పెద్దగా రాసుకోలేదు. పుట్టిన బిడ్డకు బాప్తిస్మం లేదు కనుక జనన రిజిస్టరు లేదు. పెన్సిల్వేనియా మెన్నొనైట్ సంఘాల్లో చాలావాటికి పందొమ్మిదో శతాబ్దం చివరిదాకా సభ్యుల జాబితా అంటూ కూడా లేదు. కానీ వాళ్లు వద్దన్న ప్రతిదాని దగ్గరా ప్రభుత్వం ఒక కాగితం పుట్టించింది. పసిబిడ్డల బాప్తిస్మం వద్దన్నారు, ఒట్టు వేయబోమన్నారు, ఆయుధం పట్టబోమన్నారు. అడిగిన ప్రతి దొరా, ప్రతి కోర్టూ, ప్రతి సైన్యమూ వాళ్ల పేర్లు రాసిపెట్టుకుంది. అందుకే చర్చి తలుపు తట్టడం కంటే ప్రభుత్వ దస్త్రాలు తిరగేయడం మేలు.

మొదటినుంచీ ఇంతే జరిగింది. 1525 జనవరిలో జూరిచ్‌లో కోన్రాడ్ గ్రేబెల్, ఫెలిక్స్ మాన్జ్, జార్జ్ బ్లౌరాక్ మొదలైన కొద్దిమంది ఒకరికొకరు బాప్తిస్మం ఇచ్చుకోవడంతో ఈ ఉద్యమం పుట్టింది. మరుసటి ఏడాదికే జూరిచ్ నగర పాలకులు ప్రతి చర్చిలోనూ బాప్తిస్మం రిజిస్టరు పెట్టాలన్నారు. బిడ్డలను తీసుకురాని ఇళ్లు ఏవో కనిపెట్టడానికే ఆ పుస్తకం. 1527 జనవరిలో ఫెలిక్స్ మాన్జ్‌ను లిమ్మట్ నదిలో ముంచి చంపారు. బాప్తిస్మం ఇచ్చినందుకు నీళ్లలోనే మరణశిక్ష. బెర్న్ రాజ్యం 1659లో వీళ్ల వేటకే ప్రత్యేకంగా ఒక విభాగం పెట్టింది. జరిమానాలు, ఆస్తుల జప్తు, దేశబహిష్కరణ, అన్నీ నమోదయ్యాయి. బెర్న్, జూరిచ్ రాష్ట్ర ఆర్కైవ్‌లలో ఆ కాగితాలు ఈనాటికీ చూడవచ్చు. భయపడో బలవంతంమీదో బిడ్డను రిఫార్మ్‌డ్ చర్చికి తీసుకెళ్లిన తల్లిదండ్రులూ ఉన్నారు. కాబట్టి ఎమ్మెంటాల్ లోయ ఊళ్ల రిజిస్టర్లలో ఒక్కోసారి మెన్నొనైట్ కుటుంబాలు కనిపిస్తాయి. స్విట్జర్లాండ్ దశకు మాత్రం చర్చి పుస్తకం పూర్తిగా పనికిరాదని అనుకోకండి.

ముప్ఫై ఏళ్ల యుద్ధం 1648లో ముగిసేసరికి రైన్ నది ఒడ్డున ఉన్న పాలటినేట్ ప్రాంతం పాడుబడిపోయింది. పొలాలు దున్నడానికి మనుషులు కావాలి. పాలకుడు కార్ల్ లుడ్విగ్ 1664లో మెన్నొనైట్లకు ఉండనిచ్చే ఉత్తర్వు ఇచ్చాడు. ఊరికే కాదు, ఇంటింటికీ ప్రత్యేక రుసుము కట్టాలి. రుసుము వసూలు చేయాలంటే ఇళ్లు లెక్కపెట్టాలి కదా. అలా పుట్టినవే 1664 నుంచి 1793 వరకు అప్పుడప్పుడూ తీసిన పాలటినేట్ మెన్నొనైట్ జనాభా జాబితాలు. ఇవి అచ్చులోనూ దొరుకుతాయి. ఊరు, ఇంటి యజమాని పేరు తప్పక ఉంటాయి, కొన్నేళ్ల జాబితాల్లో భార్యాపిల్లల వివరాలు కూడా. 1671లో బెర్న్ నుంచి తరిమేసిన వందల మంది పాలటినేట్‌కు చేరినప్పుడు, ఆమ్‌స్టర్‌డామ్‌లోని డచ్ మెన్నొనైట్లు సాయం పంపారు. ఎవరికి ఎంత అందాలో తెలియడానికి వాళ్లకు జాబితాలూ ఉత్తరాలూ వెళ్లాయి. ఆ కట్టలు ఆమ్‌స్టర్‌డామ్ నగర ఆర్కైవ్‌లో భద్రంగా ఉన్నాయి. "భార్య, ఆరుగురు పిల్లలు, ఒక ముసలి తల్లి, రెండు పరుపులు" లాంటి వివరాలు చదువుతుంటే కన్ను తడవకుండా ఉండదు.

ఇక బ్రదరెన్ దారి వేరు. మీకు చాలా పనికొచ్చే తేడా ఇది, కాస్త నిదానంగా చూడండి.

బ్రదరెన్ అన్న సంఘం 1708లో పుట్టింది. విట్గెన్‌స్టైన్ అనే చిన్న సంస్థానంలో, ఎడర్ నది ఒడ్డున ష్వార్జెనౌ అనే పల్లెలో ఎనిమిది మంది, అయిదుగురు మగవాళ్లు, ముగ్గురు ఆడవాళ్లు, నదిలో దిగి బాప్తిస్మం తీసుకున్నారు. వాళ్ల నాయకుడు అలెగ్జాండర్ మాక్ ష్రీస్‌హైమ్ అనే ఊరి పిండిమర కుటుంబంవాడు. మెన్నొనైట్లతో వీళ్లకు చాలా నమ్మకాలు కలిశాయి. పసిబిడ్డలకు బాప్తిస్మం లేదు, ఒట్టు లేదు, యుద్ధం లేదు. కానీ బాప్తిస్మం ఇచ్చే తీరు వేరు. మెన్నొనైట్లు ఎక్కువగా తలమీద నీళ్లు పోసేవారు. బ్రదరెన్ వాళ్లు తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ పేర మూడుసార్లు ముందుకు వంచి నీళ్లలో ముంచుతారు. అందుకే అమెరికా దస్త్రాల్లో వీళ్లను డంకర్‌లు, టంకర్‌లు, డంకర్డ్‌లు అని రాశారు. వెతికేటప్పుడు ఈ పేర్లన్నీ పెట్టి చూడాలి. "చర్చ్ ఆఫ్ ది బ్రదరెన్" అనే పేరు 1908లో మాత్రమే పెట్టుకున్నారు. అంతకుముందు అధికారికంగా "జర్మన్ బాప్టిస్ట్ బ్రదరెన్".

తేడా ఏమిటంటే, ఆ తొలి బ్రదరెన్ వాళ్లు పుట్టుకతో రిఫార్మ్‌డ్ లేదా లూథరన్ వాళ్లు. అలెగ్జాండర్ మాక్ బాప్తిస్మమే 1679 నాటి ష్రీస్‌హైమ్ రిఫార్మ్‌డ్ చర్చి పుస్తకంలో ఉంది. కాబట్టి మీ బౌమన్‌లు యూరప్‌లోనే బ్రదరెన్ అయినవాళ్లయితే, 1708కి ముందు తరం మామూలు జర్మన్ చర్చి పుస్తకాల్లోనే దొరుకుతుంది. మెన్నొనైట్ మూలమైతే ఆ పుస్తకాల్లో వెతకడం వృథా, పైన చెప్పిన రుసుము జాబితాల్లోకి వెళ్లాలి. అమెరికా వచ్చాక మెన్నొనైట్ నుంచి బ్రదరెన్‌కు మారినవాళ్లయితే (లాంకాస్టర్ కౌంటీలో ఇది బాగా జరిగింది) అమెరికాలో టంకర్ జాబితా, యూరప్‌లో మెన్నొనైట్ జాబితా, రెండూ చూడాలి. మీ ఇంట్లో చెప్పుకునే మాట ఈ మూడో దారిని సూచిస్తోంది. ఇంటిమాట రుజువు కాదు గానీ, ఎటు వెళ్లాలో చెప్పే గుర్తుగా దాన్ని గౌరవించాలి.

సముద్రం దాటిన సంగతికి వస్తాను. 1683 అక్టోబర్‌లో కాన్‌కర్డ్ అనే ఓడలో జర్మనీలోని క్రెఫెల్డ్ నుంచి పదమూడు కుటుంబాలు వచ్చి ఫిలడెల్ఫియా పక్కన జర్మన్‌టౌన్ కట్టుకున్నాయి. వాళ్లలో ఎక్కువమంది మెన్నొనైట్ మూలాలున్న క్వేకర్లు (ఒట్టు, యుద్ధం వద్దనే ఇంకో సంఘంవాళ్లు). స్విస్ మెన్నొనైట్లు 1710లో లాంకాస్టర్ ప్రాంతంలో పెక్వియా వాగు దగ్గర దిగారు. పదివేల ఎకరాల పత్రం ఆ ఏడు అక్టోబర్‌లో వచ్చింది. అందులో హాన్స్ హెర్, మార్టిన్ కెండిగ్ పేర్లతో పాటు వెండెల్ బౌమన్ అనే పేరు కూడా ఉంది! ఈ పేరు కనబడగానే ప్రతి బౌమన్ కుటుంబమూ తనదే అనుకుంటుంది. మీరు ఆ తొందర పడకండి. 1717లో ఇంకా పెద్ద గుంపు వచ్చింది.

ఈ ముందువరస వాళ్లెవరికీ ఓడ జాబితా లేదు. 1727 సెప్టెంబర్‌లో పెన్సిల్వేనియా పాలకమండలి కొత్త నియమం పెట్టాక, "విలియం అండ్ సారా" అనే ఓడతో ఆ జాబితాలు మొదలయ్యాయి. ఒక్కో ఓడకు మూడు రకాల జాబితాలు ఉండవచ్చు: కెప్టెన్ రాసిచ్చింది ఒకటి, రాజుకు విధేయత ప్రకటిస్తూ వచ్చినవాళ్లు సంతకం పెట్టింది ఒకటి, పోప్ అధికారాన్నీ పాత రాజవంశం హక్కునీ కాదంటూ సంతకం పెట్టింది మరొకటి. సంతకాలు 16 ఏళ్లు దాటిన మగవాళ్లవి మాత్రమే. ఆడవాళ్లూ పిల్లలూ కెప్టెన్ జాబితాల్లో కొన్నింట్లో తప్ప కనబడరు. ఇవన్నీ 1934లో స్ట్రాస్‌బర్గర్, హింకే అనే ఇద్దరు అచ్చు వేయించారు. చాలామంది ఆ పుస్తకంలో పేర్ల సూచిక చూసి "మావాడు దొరికాడు" అని ఆగిపోతారు. రెండో సంపుటం తెరవరు. అందులో సంతకాల నకళ్లు ఉన్నాయి, ఆ మనిషి స్వయంగా పెట్టినవి. పేరు ఇంగ్లీషు గుమస్తా విన్నట్టు రాసిందా, జర్మన్ లిపిలో తనే రాసుకున్నదా, చదవడం రాక గీత గీసిందా అన్నది కళ్లకు కనబడుతుంది. అదే మనిషి ముప్ఫై నలభై ఏళ్ల తర్వాత వీలునామా మీద పెట్టిన సంతకం కౌంటీ ప్రొబేట్ ఫైలులో (వీలునామాలు చూసే కోర్టు కాగితాల్లో) ఉంటుంది. రెండూ పక్కపక్కన పెట్టండి. యోహానెస్ బౌమన్ లాంటి మామూలు పేరుకు దీన్ని మించిన పరీక్ష నాకు తెలియదు. ఇంటర్నెట్ వృక్షంలో చూపిన ఓడ మీదేనా కాదా అన్నది ఇలాగే తేలాలి.

దాని తర్వాత చూడాల్సింది పౌరసత్వం జాబితా. 1740 నాటి బ్రిటిష్ చట్టం ప్రకారం కాలనీలో ఏడేళ్లు ఉన్న పరదేశి ప్రొటెస్టెంటు పౌరసత్వం పొందవచ్చు. మామూలువాళ్లు ఒట్టు వేయాలి, మూడు నెలల లోపు ప్రభు భోజనం తీసుకున్నట్టు చూపాలి. ఆ భోజనం తేదీ జాబితాలో పేరు పక్కనే ఉంటుంది. ఒట్టు వేయడం తమ మనస్సాక్షికి విరుద్ధమన్నవాళ్లు మాత్రం ఒట్టుకు బదులు సత్యం పలుకుతున్నామని ధ్రువీకరించేవారు. వాళ్ల పేర్లు విడిగా రాశారు. అంటే ఒక బౌమన్ పక్కన ప్రభు భోజనం తేదీ ఉంటే అతను లూథరనో రిఫార్మ్‌డో అయి ఉంటాడు. ధ్రువీకరించినవాళ్ల వరసలో ఉంటే మెన్నొనైట్, డంకర్, క్వేకర్ లాంటి శాంతి సంఘాలవాడై ఉంటాడు. ఊరూ కౌంటీ కూడా ఉంటాయి. చర్చి పుస్తకం లేని మనిషి విశ్వాసాన్ని కోర్టు గుమస్తా ఇలా మనకు చెప్పేస్తాడు. 1710, 1717లో వచ్చిన లాంకాస్టర్ వాళ్లకు అంతకుముందే, 1729-30లో, భూమి హక్కుల కోసం విడిగా ఒక చట్టం చేశారు. ఆ చట్టంలోనే పేర్లున్నాయి.

బ్రదరెన్ వాళ్ల వలస దాదాపు సంఘమంతా కలిసి కదిలినట్టు జరిగింది. 1719లో పీటర్ బెకర్ వెంట క్రెఫెల్డ్ నుంచి ఒక గుంపు జర్మన్‌టౌన్ చేరింది. 1729లో అలెగ్జాండర్ మాక్ మిగతావాళ్లతో "అలెన్" అనే ఓడలో వచ్చాడు. ఈ ఓడ జాబితా ఉంది. అమెరికాలో తొలి బ్రదరెన్ బాప్తిస్మాలు 1723 క్రిస్మస్ రోజున విస్సాహికన్ వాగులో జరిగాయి. ఆ చలికాలంలో మంచులాంటి నీళ్లలో దిగారు. మరుసటి ఏడే కోవెంట్రీ, కోనెస్టోగా సంఘాలు లేచాయి. మీకు బంగారంలాంటి ఆధారం 1770 నాటిది. మోర్గన్ ఎడ్వర్డ్స్ అనే బాప్టిస్ట్ పాస్టరు పెన్సిల్వేనియా బాప్టిస్ట్ సంఘాల చరిత్ర రాస్తూ టంకర్ సంఘాలకు కూడా వెళ్లి సభ్యుల పేర్లు సేకరించి అచ్చు వేశాడు. వాళ్లు రాసుకోని జాబితాను పరాయి సంఘం మనిషి రాసిపెట్టాడు. అందులో బౌమన్‌లు ఏ సంఘంలో ఉన్నారో చూడండి. పక్కనున్న ఇంటిపేర్లన్నీ రాసి పెట్టుకోండి. అవే పేర్లు తర్వాత వర్జీనియాలో మీ బౌమన్‌ల పొరుగున కనిపిస్తే మీరు సరైన దారిలో ఉన్నట్టే. ఈ కుటుంబాలు ఒంటరిగా కదల్లేదు. పెద్ద, అతని వియ్యంకులు, వాళ్ల పొరుగువాళ్లు కలిసి బండ్లు కట్టారు.

అమెరికా స్వాతంత్ర్య యుద్ధం ఇంకో కట్ట కాగితాలు ఇచ్చింది. పెన్సిల్వేనియాలో ఆయుధం పట్టనివాళ్లకు జరిమానాలు వేశారు, 1777లో కొత్త ప్రభుత్వానికి విధేయత ప్రమాణం తప్పనిసరి చేశారు. జర్మన్‌టౌన్‌లో జర్మన్ బైబిలు అచ్చేసిన క్రిస్టోఫర్ సావర్ కొడుకు, తను బ్రదరెన్ పెద్ద, 1778లో ఆస్తంతా పోగొట్టుకున్నాడు. కౌంటీ పన్ను పుస్తకాల్లో ఆ జరిమానాల పేర్లు వెతకండి. సావర్ పేరు వచ్చింది కాబట్టి ఒక మాట. ఆ ముద్రణాలయం 1743లో వేసిన జర్మన్ బైబిలూ దాని తర్వాతి ముద్రణలూ ఈ కుటుంబాల్లో తరతరాలుగా ఉన్నాయి. మన ఇళ్లలో పంచాంగం అట్ట వెనక పిల్లల పుట్టిన తిథి రాసుకున్నట్టు, వాళ్లు బైబిలు ఖాళీ పేజీల్లో పుట్టుకలూ చావులూ రాసుకున్నారు. కోడలి దూరపు బంధువుల్లో ఎవరింట్లోనైనా పాత జర్మన్ బైబిలు ఉందేమో ముందు అడగండి. ఏ ఆర్కైవ్ కంటే అది మేలు.

ఇప్పుడు వర్జీనియా. 1770ల నుంచి, ముఖ్యంగా యుద్ధం ముగిశాక, పెన్సిల్వేనియా, మేరీలాండ్ డంకర్ కుటుంబాలు షెనాండోవా లోయలోకి దిగాయి. రాకింగ్‌హామ్ కౌంటీ 1778లో ఆగస్టా కౌంటీ నుంచి విడిపోయింది. అంతకుముందు కాగితాలు స్టాంటన్‌లోని ఆగస్టా కోర్టులో చూడాలి. ఇక్కడే బౌమన్‌లకు పెద్ద ఉచ్చు ఒకటి ఉంది. లోయ ఉత్తర భాగంలో స్ట్రాస్‌బర్గ్ దగ్గర జార్జ్ బౌమన్ అనే పేరున్న భూస్వామి ఉండేవాడు, ఆ లోయలో తొలినాళ్లలో స్థిరపడ్డ జోస్ట్ హైట్ అల్లుడు. అతని కొడుకులు యుద్ధవీరులు. జోసెఫ్ బౌమన్ 1778-79లో బ్రిటిష్ స్థావరాల మీదికి జార్జ్ రోజర్స్ క్లార్క్ చేసిన దండయాత్రలో అతని తర్వాతి స్థానంలో ఉన్నాడు. చరిత్ర పుస్తకాల్లో దొరికే కుటుంబం కావడంతో ఊళ్లోని ప్రతి బౌమన్‌నీ దానికి అతికించాలని అనిపిస్తుంది. తుపాకీ పట్టిన కుటుంబమూ, పట్టనన్న కుటుంబమూ ఒకటేనని ఎవరైనా చెబితే కాగితం అడగండి.

పెళ్లిళ్ల విషయంలో వర్జీనియాలో 1780 నాటి చట్టం వచ్చేదాకా ఆంగ్లికన్ పాస్టరు చేసిన పెళ్లే చెల్లేది. 1781 నుంచి అన్ని సంఘాల బోధకులూ చేసి, జాబితా కౌంటీ గుమస్తాకు పంపవచ్చు. కాబట్టి ఆ తర్వాతి పెళ్లిళ్లలో జంట పేరు మాత్రమే కాదు, పెళ్లి చేసినవారి పేరు కూడా చూడండి. అతను డంకర్ పెద్ద అయితే కుటుంబం ఏ సంఘమో తెలిసిపోయింది. జనన మరణాల ప్రభుత్వ నమోదు మాత్రం 1853 నుంచే.

రాకింగ్‌హామ్ వీలునామాలూ దస్తావేజులూ ముక్కలుగా ఎందుకు దొరుకుతున్నాయని మీరు అనుకునే ఉంటారు. 1864 జూన్‌లో వాటిని దాచడానికి బండిలో తరలిస్తుండగా యూనియన్ (అమెరికా అంతర్యుద్ధంలో ఉత్తరాది పక్షం) సైనికులు నిప్పంటించారు. కొన్ని పూర్తిగా పోయాయి, కొన్ని అంచులు మాడి మిగిలాయి. దిగులు పడకండి. 1782 నుంచి ప్రతి ఏటా తీసిన భూమి పన్ను, చరాస్తి పన్ను జాబితాల ఒక ప్రతి రిచ్‌మండ్‌కు వెళ్లేది, అవి క్షేమంగా రాష్ట్ర గ్రంథాలయంలో ఉన్నాయి. ఏడాది తర్వాత ఏడాది వరుసగా చదివితే ఒక తండ్రి ఎప్పుడు పోయాడో, భూమి ఏ కొడుకుల పేర పంచుకుపోయిందో కాలిపోయిన వీలునామా చెప్పాల్సినదంతా చెబుతాయి. విసుగు పుట్టించే పనే, కానీ 1800కి ముందు మీరు ఆగిపోయిన గోడను దాటించేది ఇదేనని నా నమ్మకం.

అంతర్యుద్ధం కాలం మీ కుటుంబానికి అన్నింటికంటే ఎక్కువ చెప్పే కాలం. దక్షిణాది పక్షాన బలవంతపు సైనిక సేవ వచ్చింది. 1862 మార్చిలో పర్వతాలు దాటి పారిపోతున్న సుమారు 70 మంది మెన్నొనైట్, డంకర్ యువకులను పట్టుకుని రిచ్‌మండ్ జైలులో పెట్టారు. ఆ ఏడే డంకర్‌లు, మెన్నొనైట్లు, క్వేకర్లు 500 డాలర్లు కడితే మినహాయింపు అని చట్టం వచ్చింది. 1864లో బ్రదరెన్ పెద్ద జాన్ క్లైన్‌ను, శాంతి బోధిస్తూ సరిహద్దు అటూ ఇటూ తిరుగుతున్నాడని, తన ఊరి దగ్గరే కాల్చి చంపారు. ఆయన ఏళ్ల తరబడి రాసిన డైరీ 1900లో అచ్చయింది. ఎవరింట్లో బస చేశాడు, ఎవరి పెళ్లి చేశాడు, ఎవరి అంత్యక్రియల్లో బోధించాడు అన్నీ తేదీలతో ఉన్నాయి. రాకింగ్‌హామ్ డంకర్ కుటుంబాలకు అదే పోయిన చర్చి రిజిస్టరు అనుకోండి.

అదే 1864 శరదృతువులో యూనియన్ సేనాని షెరిడాన్ లోయలోని కొట్టాలూ మరలూ తగలబెట్టించాడు. యుద్ధం వద్దన్నవాళ్ల ధాన్యం కూడా కాలిపోయింది. నాలుగు వందల బండ్లకు పైగా శరణార్థులను ఉత్తరానికి పంపామని, వాళ్లలో ఎక్కువమంది డంకర్‌లేనని అతనే తన పై సేనాని గ్రాంట్‌కు రాశాడు. లోయలోని కుటుంబం ఉన్నట్టుండి ఒహాయో, పెన్సిల్వేనియాల్లో తేలితే కారణం అక్కడుంది. యుద్ధం అయ్యాక 1871లో అమెరికా ప్రభుత్వం, యూనియన్‌కు విధేయులుగా ఉండి నష్టపోయిన దక్షిణాదివాళ్లు పరిహారం అడగవచ్చంది. రాకింగ్‌హామ్ మెన్నొనైట్లూ డంకర్‌లూ పెద్దసంఖ్యలో అర్జీలు పెట్టారు. ప్రతి ఫైలులోనూ అర్జీదారు వయసు, ఎక్కడ పుట్టాడు, ఏ సంఘం, కొడుకులను సైన్యం నుంచి ఎలా దాచాడు, ఎన్ని గుర్రాలు, ఎన్ని బస్తాల గోధుమలు పోయాయి, ఇవన్నీ అతని మాటల్లో, పక్కనే పొరుగువాళ్ల సాక్ష్యం. ఒక రైతు గొంతు వినబడేంత స్పష్టంగా మాట్లాడే దస్త్రం ఇంకోటి ఉండదు. మనవరాలికి చదివి వినిపించదగ్గది ఇదే.

దగ్గరి కాలానికి సంస్మరణ వార్తలు బాగా ఉపయోగపడతాయి. మెన్నొనైట్ల పత్రిక "హెరాల్డ్ ఆఫ్ ట్రూత్" 1864లో మొదలైంది, బ్రదరెన్ వాళ్ల "గాస్పెల్ విజిటర్" 1851లో, "గాస్పెల్ మెసెంజర్" 1883లో. మామూలు రైతు భార్య చనిపోయినా పుట్టింటి పేరు, వయసు, బోధించినవారి పేరు వేసేవారు. మెన్నొనైట్ పత్రికల సంస్మరణలు ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతాయి.

డీఎన్ఏ పరీక్ష చేయించాలా అని కూడా ఒక వాక్యంలో అడిగారు. చేయించండి, కానీ వచ్చిన ఫలితాన్ని జాగ్రత్తగా చదవాలి. ఈ కుటుంబాలు తరతరాలుగా తమలో తామే పెళ్లిళ్లు చేసుకున్నాయి. అందుకని ఏడో తరం బంధువు కూడా కంపెనీ లెక్కలో నాలుగో తరం బంధువులా కనబడతాడు. రెండు బౌమన్ వంశాలు ఒకటేనా కాదా తేల్చాలంటే ఆ ఇంటిపేరుతోనే ఉన్న మగ వారసుడి వై క్రోమోజోమ్ పరీక్ష నయం.

పేర్ల గందరగోళం గురించి చెప్పి మహబూబ్‌నగర్ ప్రశ్నకు వస్తాను. "బ్రదరెన్" అనే మాట కనబడగానే ఒకే సంఘం అనుకోవద్దు. మొరావియన్లనే వేరే ప్రొటెస్టెంట్ సంఘంవాళ్లను "యునైటెడ్ బ్రదరెన్" అన్నారు. 1800లో పుట్టిన "యునైటెడ్ బ్రదరెన్ ఇన్ క్రైస్ట్" పూర్తిగా వేరే సంఘం, దాని స్థాపకుల్లో ఒకడైన మార్టిన్ బోమ్ మాత్రం మెన్నొనైట్. సస్కెహానా నది ఒడ్డున పుట్టిన రివర్ బ్రదరెన్ ఇంకోటి. మీ కోడలివాళ్ల బ్రదరెన్ కూడా 1881-83 మధ్య మూడుగా చీలింది, కాబట్టి ఆ తేదీ తర్వాత అన్నదమ్ములే వేర్వేరు శ్మశానాల్లో కనబడతారు.

మన మెన్నొనైట్ బ్రదరెన్ చర్చి వీటన్నింటికంటే దూరపు చుట్టం. దాని మూలం స్విస్ కొండల్లో లేదు. నెదర్లాండ్స్ నుంచి విస్తులా నది ముఖద్వారానికి, అక్కడి నుంచి నేటి ఉక్రెయిన్‌లోని మొలోచ్నా కాలనీకి వెళ్లిన మెన్నొనైట్లలో 1860లో ఒక గుంపు విడిపోయి ఆ పేరు పెట్టుకుంది. వాళ్లలో అబ్రహాం ఫ్రీసెన్ 1889లో తెలుగునాట అడుగుపెట్టి నల్గొండలో పనిచేశాడు. అమెరికా శాఖవాళ్లు 1899లో హైదరాబాద్ వచ్చారు. అక్కడినుంచి మహబూబ్‌నగర్, దేవరకొండ, వనపర్తి, జడ్చర్లలకు విస్తరించారు. ఫ్రీసెన్, హీబర్ట్, పెన్నర్, వీన్స్ ఆ వైపు ఇంటిపేర్లు. ఆ కుటుంబాలకు "గ్రాండ్మా" అనే పెద్ద డేటాబేసు ఉంది. మీ బౌమన్‌లను అందులో వెతికి సమయం పాడుచేసుకోకండి. విశ్వాసం దృష్ట్యా ఇద్దరూ దాయాదులే, బాప్తిస్మం, శాంతి గురించి మూలబోధ ఒకటే. రక్తసంబంధం మాత్రం వేరు దారులు.

మొదలు పెట్టడానికి రెండు చోట్లు చాలు. హారిసన్‌బర్గ్‌లో ఈస్టర్న్ మెన్నొనైట్ యూనివర్సిటీలోని మెన్నో సైమన్స్ గ్రంథాలయం ఒకటి, దానికి దగ్గర్లోనే ఉన్న బ్రిడ్జ్‌వాటర్ కాలేజీ గ్రంథాలయం ఇంకోటి. మొదటిది మెన్నొనైట్, రెండోది బ్రదరెన్. కోడలి నాన్నమ్మ నుంచి వెనక్కి మీకు గట్టిగా తెలిసిన చివరి బౌమన్ ఎవరో, ఆయన భార్య పుట్టింటి పేరు, పొలం ఏ వాగు దగ్గరో రాసి రెండింటికీ ఉత్తరం పంపండి. ఇంటర్నెట్ వృక్షంలోవి ఏవీ రాయకండి, రాస్తే వాళ్లూ ఆ దారే పడతారు. ఈలోగా 1871 పరిహారం అర్జీల్లో రాకింగ్‌హామ్ బౌమన్ ఫైళ్లన్నీ దించుకుని, సాక్షుల పేర్లతో సహా ఒక కాగితం మీద పెట్టండి. ఆ పేర్లు ఇక్కడ పంపితే, 1770 టంకర్ జాబితాలోని సంఘాలతో ఎక్కడ కలుస్తున్నాయో నేను పోల్చి చెబుతాను.